వెనక షాకప్స్ లేని బండి

నేను చేసిన పొలం గేటు విరిగితే మేకలు లోపలికొస్తాయి. నేను అతికిన ట్రాలీ తలుపు ఊడితే చెరకు రోడ్డు మీద పడుతుంది. రైతు నన్ను నాలుగు మాటలంటాడు, నేను వెళ్లి మళ్లీ అతికి వస్తాను. బీదర్‌లో చిమ్కోడ్ వైపు పోయే రోడ్డు మీద వెల్డింగ్ షెడ్డు పెట్టుకున్నప్పటి నుంచి నా చేతి పనిలో అంతకు మించిన ప్రమాదం ఎప్పుడూ చూడలేదు. అందుకే నా భార్య తమ్ముడు తన బైకును తెచ్చి, చాసిస్ వెనక సగం కోసేసి, షాకప్స్ లేకుండా వెనక చక్రాన్ని నేరుగా గట్టి పైపులకే బిగించమన్నప్పుడు నేను వెంటనే కాదన్నాను.

అతను పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. ఒక ఫంక్షన్ హాలు ముందు నిలిపి ఉన్న అతని బండిని, వెనక్కి వస్తున్న టెంపో ఒకటి గుద్దింది. అతను లోపల పెళ్లి తీస్తున్నాడు కాబట్టి ఒంటికి ఏమీ కాలేదు. బండికి మాత్రం వెనక చక్రాన్ని పట్టుకుని ఆడే చేతుల్లాంటి కడ్డీలు మెలిపడ్డాయి, సీటు కింది పైపులు వంగాయి. మెకానిక్ చూసి, వేరే చాసిస్ వెతుక్కోమన్నాడు. ఇతను చాసిస్ వెతకలేదు. ఫోన్‌లో నేలకు ఆనినట్టుండే పొడుగాటి బండ్లను వెతికాడు.

"బావా, ఎట్లయినా వంగినయ్ గదా. వంగినయన్నీ కోసి పారేద్దాం. సీటు కాడికెళ్లి చక్రం దాకా సీదా పైపులు. నువ్వు గింత పెద్ద పెద్ద ట్రాలీలు చేస్తవ్, గీ నాలుగు పైపులు ఏం లెక్క నీకు?"

"ట్రాలీ మీద చెరుకు పోతది రా. దీని మీద నువ్వు పోతవ్."

"ఏం గాదు బావా, ఫికర్ చెయ్యకు."

"పోలీసులు పట్టుకుంటే? చాసిస్ మార్చుడుకు పర్మిషన్ గావాలె."

"అది నేను చూస్కుంట. చాసిస్ నంబరు ముంగట హ్యాండిల్ కాడ ఉంటది, దాన్ని మనం ముట్టుకుంటలేం."

నేను ఒప్పుకోలేదు. అతను బండిని షెడ్డులో ఒక మూలకు నెట్టి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు కోపం తగ్గి తీసుకుపోతాడనుకున్నాను. ఒక పొద్దున నేను తాళం తీసేసరికే గేటు ముందు కూర్చుని ఉన్నాడు, చేతిలో ఇనుము కోసే కొత్త గ్రైండర్. నేను టీ తెచ్చుకుందామని రోడ్డు దాటానో లేదో, లోపల గ్రైండర్ గీ అని అరిచింది. పరుగెత్తి వచ్చాను. కళ్లకు అద్దాలు లేవు. నిప్పురవ్వలు అతని షర్టు మీద పడుతున్నాయి. ఎడమ వైపు పైపును, ఎక్కడ కోయకూడదో సరిగ్గా అక్కడే సగం దాకా కోశాడు. స్విచ్ తీసేసి గ్రైండర్ లాక్కున్నాను.

"నువ్వు చెయ్యకుంటే నేనే చేస్కుంట," అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి, పొగకో మొండితనానికో తెలియలేదు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తెచ్చిన నా భార్య, కోసిన పైపు వంకా నా ముఖం వంకా చూసింది. ఆమెకు ఒక్కడే తమ్ముడు. సంతపూర్‌లో తల్లి చేలోకి పోతే వాడిని చంకనేసుకుని తిరిగి పెంచింది. టిఫిన్ గిన్నె కింద పెట్టి అడిగింది.

"చేస్తవా?"

"నేను చెయ్యకుంటే వాడే చేస్కుంటడు."

"అయితే నువ్వే చెయ్. గని ఆ బండి మీద కూసునేది ఎవలో యాదిల పెట్టుకో."

యాదిలో పెట్టుకోవడం కాదు, ఆ మాట ఇక నన్ను విడిచిపెట్టలేదు.

పని మొదలుపెట్టాక నేను కొలిచిందే మళ్లీ కొలిచేవాణ్ని. బండి ఇంజను దించి, ముందు సగం చాసిస్‌ను ఇనుప బల్లకు కదలకుండా బిగించాను. వంగిన పైపుల్నీ, అతను సగం కోసిన చోటునూ కోసి తీసేశాను. రసమట్టం పెట్టి చూసుకున్నాను. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా దారం లాగి, రెండూ ఒకే గీతలో ఉండేటట్టు ఇరుసు పట్టే పలకల్ని నిలబెట్టాను. పాత పైపు, కొత్త పైపు కలిసే చోట పై అతుకు ఒక్కటే బరువు మోయకుండా, లోపల బిగుతుగా కూర్చునే ఇనుప కడ్డీ ముక్కను దూర్చాను. పైపులు కదలకుండా ముందు చుక్క చుక్కగా చిన్న చిన్న టాకులు వేసి, ఒక వైపు కొంచెం, ఇంకో వైపు కొంచెం అతుకుతూ పోయాను. ఒకే వైపు వేడి తగిలితే పైపు అటే గుంజుకుంటుంది. ఇంత చేసినా పొద్దున వచ్చి దారం పెట్టి చూస్తే వెనక పలక ఒక వెంట్రుకంత పక్కకు జరిగి ఉంది. గేటయితే సుత్తితో ఒక్కటి కొట్టేవాణ్ని. దీన్ని కోసి మళ్లీ అతికాను.

ఎన్నో ఏళ్లుగా రాడ్ పట్టిన చెయ్యి, ముసుగు కళ్ల మీదికి దించుకోగానే వణికేది. పైన ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ట్రైనింగు విమానాలు తిరిగే చప్పుడుకు కూడా ఉలిక్కిపడేవాణ్ని. వెల్డింగ్ ముసుగు లోపల చీకట్లో కరిగే ఇనుము తప్ప ఏమీ కనపడదు. నాకు మాత్రం ఆ వెలుగులో అతను హుమ్నాబాద్ రోడ్డు మీద లారీ పక్కన పోతున్నట్టు, వెనక చక్రం ఊడి వేరే దారిన పోతున్నట్టు కనిపించేది. రాడ్ తీసి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టేవాణ్ని.

బండి లేచి నిలబడ్డాక నేనే ముందు నడుపుతానన్నాను. అతను ఒప్పుకోలేదు. అతని అక్క ఒక చూపు చూసింది, ఒప్పుకున్నాడు. చిమ్కోడ్ రోడ్డు ఎక్కాను. వెనక స్ప్రింగులు లేని బండి ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. రోడ్డు మీది ప్రతి గులకరాయీ వెన్నుపూసలకు తెలుస్తుంది. గుంత వస్తే చక్రం ఎగరదు, మనిషి ఎగురుతాడు. నేను దారి చూడలేదు, చప్పుడే విన్నాను. టక్కుమంటే చాలు, కాళ్లు రెండూ కిందికి దించేసేవాణ్ని. కంది చేలో పని చేస్తున్న ఆడవాళ్లు చూసి నవ్వారు. తిరిగి వచ్చాక అతుకుల మీద డీజిల్ రాసి, తుడిచేసి, సుద్దపొడి చల్లాను. సన్న బీట ఉంటే అందులో దాగిన డీజిల్ సుద్ద మీద నల్లటి గీతలా ఊరుతుంది. సాయంత్రం దాకా చూశాను. సుద్ద తెల్లగానే ఉంది.

"అయిపాయె గదా బావా," అన్నాడతను, నన్ను వాటేసుకుని. బండికి నల్లరంగు వేయించుకున్నాడు. ఊళ్లో నలుగురూ ఆగి చూస్తుంటే అతని ముఖంలో వెలుగు నాకూ నచ్చింది. అయినా రాత్రి కంచం ముందు కూర్చున్నప్పుడు అతని ఫోను రాకపోతే ముద్ద దిగేది కాదు.

సోయాబీన్ కోతల రోజులవి. ఒక పొద్దున షెడ్డులో ఒక కిటికీకి గ్రిల్లు అతుకుతూ మధ్యలో ఫోను తీశాను. అతను వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ఎవరో స్నేహితుడు వెనక నుంచి తీసిన వీడియో, పాట కూడా తగిలించారు. బండి స్పీడ్ బ్రేకర్ దాటుతోంది. వెనక చక్రం బ్రేకర్ ఎక్కి దిగింది, దిగి ఎడమకు ఒరిగి, మళ్లీ నిటారుగా అయింది. ఒక క్షణం పాటు ముందు చక్రం, వెనక చక్రం ఒక గీతలో లేవు. మళ్లీ చూశాను. పాట చప్పుడు తీసేసి చూశాను.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఇంటికి చేశాను.

"వాడేడున్నడు?"

"అమ్మకు బండి చూపిస్తనని సంతపూర్ పోతాండు. పొద్దున ఈడికెళ్లే చాయ్ తాగి పోయిండు. ఎందుకు?"

"ఏం లేదు."

"ఏం లేదంటె గట్లెందుకున్నది నీ గొంతు? ఏమైంది?"

చెప్పేలోపే ఫోను పెట్టేసింది. కాసేపటికి స్కూటీ మీద షెడ్డు ముందుకు వచ్చింది, చెప్పులు కూడా రెండు రకాలవి వేసుకుని. వీడియో చూపించాను. ఆమెకు చక్రం ఒరగడం కనపడలేదు, నా ముఖం కనపడింది. అంతే, దిగి వెనక కూర్చుంది. నేను నడిపాను.

ఊరు దాటి కిందికి దిగే దారిలో నాకు బ్రేకు మీది వేలు తీయాలనిపించలేదు. ఈ దిగుడులో అతను బ్రేకు వేసి ఉంటాడు, వేసినప్పుడు బరువంతా ఎటు పోయి ఉంటుందో నాకు తెలుసు. మలుపు మలుపుకీ రోడ్డు పక్క పొదల వంక చూశాను, నల్లటిదేదైనా కనిపిస్తుందేమోనని. వెనక ఆమె ఫోను చెవికి పెట్టుకునే ఉంది. ఎత్తడం లేదని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఎర్రమట్టి పోయి నల్లరేగడి మొదలైంది. గాలికి ఆమె మాట సగమే వినపడింది.

"అమ్మకు ఫోన్ చేసిన. ఇంక రాలేదంట."

మాంజ్రా నది వంతెన మీద నేను వేగం తగ్గించాను. గోడ ఎక్కడైనా గీసుకుపోయిందా, కింద నీళ్ల పక్కన ఏమైనా ఉందా అని చూస్తున్నానని ఆమెకు తెలిసిపోయింది. "చూడకు, పోనీ," అంది. "పోనీ, జల్దీ పోనీ."

వంతెన దాటి కొంత దూరం పోయాక ముందు రోడ్డు మీద గుంపు. ఒక ట్రాక్టరు అడ్డంగా ఆగి ఉంది. పక్కన నీలం తాడ్‌పత్రి పట్టా కప్పి ఉంది, దాని చుట్టూ మనుషులు నిలబడి కిందికి వంగి చూస్తున్నారు. నా భార్య నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్లు షర్టులోంచి దిగాయి. స్కూటీ ఆపానో, అదే ఆగిందో గుర్తు లేదు. ఆమె దిగింది కానీ ముందుకు నడవలేదు. నేనే వెళ్లాను. పది అడుగులు కూడా లేవు. ఒకతను తాడ్‌పత్రి అంచు పట్టుకుని ఎత్తాడు.

సోయాబీన్ కుప్ప. రోడ్డు మీద ఎండబోసింది. తడి ఆరిందా లేదా అని చేతిలోకి తీసుకుని చూస్తున్నారు.

"నల్ల బండి, పొడుగుగ ఉంటది, ఇటు పోయిందా అన్నా?" అని అడిగాను. వాళ్లు కుప్ప మీంచి తలెత్తలేదు. ఇంకోసారి అడిగాను.

"పోయింది. డగ డగ అనుకుంట పోయింది. జరసేపాయె."

వెనక్కి చూస్తే ఆమె రోడ్డు అంచున కూర్చుని ఉంది. చెయ్యి పట్టి లేపాను.

సంతపూర్ ఇంకా రాకముందే, ఒక చిన్న హోటలు ముందు వేపచెట్టు నీడలో నల్లబండి నిలబడి ఉంది. పక్కన పంక్చర్ షాపు. అతను బల్ల మీద కూర్చుని మరమరాల ఉప్మాలాంటి సుస్లా తింటున్నాడు, ఇంకో చేతిలో మిరపకాయ బజ్జీ. మమ్మల్ని చూసి సంతోషంగా లేచాడు.

"అరే, మీరెట్లొచ్చిన్రు? అమ్మ రమ్మన్నదా?"

"ఫోన్ ఏడున్నది రా?" అంది ఆమె.

"బ్యాగుల. నిన్న షూటింగ్‌ల సైలెంట్ పెట్టిన, మర్సిపోయిన. బండి జర ఊగుతాంది బావా, వెనక టైర్ల గాలి తక్కువైనట్టుంది. చూపిద్దామంటె పంక్చరాయన అన్నానికి పోయిండు. వస్తడంట, ఆగిన."

బండి దగ్గరికి వెళ్లి సీటు మీద అరచేత్తో గట్టిగా నొక్కాను. సీటు కింద ఎడమ వైపు, నా అతుకుకు ముందువైపు, ఎప్పటి నుంచో ఉన్న పాత పైపు మీద నల్లరంగు నోరు తెరిచింది. చెయ్యి తీశాను, మూసుకుంది. మళ్లీ నొక్కాను, తెరుచుకుంది. చుట్టూ వేలు పెట్టి తడిమాను. పైపు దాదాపు చుట్టూతా తెగిపోయి ఉంది. ఒక పక్కన కొంచెం ఇనుము మాత్రం పట్టుకుని ఉంది. ఆ కొంచెం మీద అతను ఆ దిగుడు దిగాడు, మాంజ్రా వంతెన దాటాడు.

నా భార్య వంగి చూసింది. "ఇదేనా?" అని చూపుడువేలి గోరు ఆ సందులో పెట్టింది. గోరు దూరింది. తమ్ముడి చేతిలోంచి సుస్లా ప్లేటు తీసి బల్ల మీద పెట్టింది. అతని తలను రెండు చేతులతో తన కడుపుకు అదుముకుని నిలబడింది. హోటలు మనిషి టీ కలుపుతూ ఆగిపోయాడు.

"ఏమైందక్కా? టైర్ల గాలే గదా," అంటూ అతను తల విడిపించుకుని బండి దగ్గరికి వచ్చాడు. నేను సీటు మళ్లీ నొక్కి చూపించాను. బజ్జీ ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు పట్టుకునే నిలబడ్డాడు.

సామాన్లు మోసే ఆటో ఒకటి మాట్లాడి బండిని అందులో వేశాం. దాని పక్కన నేనే కూర్చున్నాను. వాళ్లిద్దరూ స్కూటీ మీద సంతపూర్ పోయారు. తల్లికి ఏం చెప్పారో నేను అడగలేదు.

మర్నాడు ఆ పైపును కోసి చూశాను. తెగిన చోట సగం ముఖం తుప్పు పట్టి గోధుమరంగులో ఉంది, మిగతా సగం కొత్త ఇనుములా మెరుస్తోంది. తుప్పు పట్టిన సగం పాతది. టెంపో గుద్దిన రోజునే పైపు లోపలి నుంచి బీట పడిందన్నమాట, పైకి రంగు చెక్కు చెదరలేదు. షాకప్స్ ఉంటే వెనక దెబ్బలు కొంత అవి మింగేవి. నేను చేసిన గట్టి పైపులు ప్రతి గుంత దెబ్బనూ నేరుగా అక్కడికే మోసుకుపోయాయి. నా అతుకులు నాలుగూ చెక్కు చెదరలేదు. నాకు ఊరట కలగాలి. కలగలేదు. బయటికి నున్నగా కనపడే పైపు లోపల ఇలాంటిది దాగి ఉంటే, నేను ఇన్నాళ్లూ దేన్ని చూసి నమ్మాను?

ఆ భయం బండితో ఆగలేదు. ఒక ఇంటి వరండాలో ఉయ్యాల కొక్కేలు అతికానని గుర్తొచ్చింది. పని మానేసి పోయి చూసి వచ్చాను. మేడ మీద రెయిలింగు అతికిన ఇంకో ఇంటికి పోయి సుత్తితో ఒక్కో కమ్మీ కొట్టి విన్నాను. ఆ ఇంటావిడ కంగారు పడింది. "క్యా హువా భయ్యా? కుచ్ గడ్‌బడ్ హై క్యా?" అని అడిగింది. ఏమీ లేదమ్మా, ఊరికే, అని చెప్పి వచ్చేశాను. దారిలో ఎవరి బైకు ముందు పోతున్నా దాని వెనక చక్రమే చూసేవాణ్ని.

బండి గోనెసంచుల కింద పడి ఉంది. బామ్మర్ది చాలా రోజులు దాని మాట ఎత్తలేదు. షెడ్డుకు వచ్చినా ఆ మూలకు చూసేవాడు కాదు. ఇక పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామని ఒకనాడు అన్నం తింటూ నా భార్యతో అన్నాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను.

"వాడు దాన్ని మర్సిపోయిండనుకుంటున్నవా? నాకు ఎరుకే వాడు. ఇయ్యాల కాకుంటె వచ్చే యాడాదికి ఇంకోటి కొంటడు, ఎవని కాడికో పోయి కోయిస్తడు. గప్పుడు ఆ పని చేసెటోడు పైపు లోపల చూస్తడో చూడడో మనకు తెల్వదు. నువ్వే చెయ్. నాకు భయమైతాంది, అయినా నువ్వే చెయ్."

"నా చెయ్యి వణుకుతాంది."

"వణకని. వణికినంక ఆగి మళ్ల పట్టు. నేను ఈడ్నే కూసుంట."

అన్నట్టే వచ్చి కూర్చుంది. వెల్డింగ్ వెలుగు పడకుండా గోడ వైపు తిరిగి, ఒళ్లో చాట పెట్టుకుని కందికాయలు ఒలిచేది. ఈసారి టెంపో దెబ్బ తగిలి ఉండే అవకాశమున్న పైపు ఒక్కటీ మిగల్చలేదు. ఇంకా ముందుకు జరిగి, ఇంజను పట్టే చోటి దాకా కోశాను. కోసిన ప్రతి పైపు లోపలికీ టార్చి వేసి చూశాను, అతనికీ చూపించాను. మూలల్లో అడ్డంగా రేకు ముక్కలు అతికాను. ఒక్కోసారి చెయ్యి ఆగకపోతే రాడ్ కింద పెట్టి ఆమె పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు ఒలిచేవాణ్ని. కాస్త కుదుటపడ్డాక లేచేవాణ్ని.

బామ్మర్ది ఈసారి తొందర పెట్టలేదు. వానలు పడి వెలిసేదాకా ఊళ్లోనే మెల్లగా నడిపాడు. నేను పిలిచినప్పుడల్లా బండి తెచ్చి, సీటు విప్పి, నాకంటే ముందు తనే వంగి చూసేవాడు. ఆ వేపచెట్టు కింద తెగిన పైపును చూసిన రోజు నుంచి అతనిలో ఏదో చేరింది. భయమే అనుకుంటాను. అది చూసి నాకు బాధా కలిగింది, ధైర్యమూ కలిగింది.

పోయిన చలికాలంలో హైదరాబాద్ పోయి వస్తానన్నాడు. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. అతని అక్క పొద్దున్నే రొట్టెలు కట్టి ఇచ్చింది. బండి మలుపు తిరిగేదాకా ఇద్దరం చూశాం. జహీరాబాద్ చేరాక ఒకసారి ఫోను చేశాడు. ఆ తర్వాత లేదు. మధ్యాహ్నం గడిచింది. నేను ఒక గేటుకు కొలతలు తీసుకుని, తీసుకున్నవి మర్చిపోయి మళ్లీ తీసుకున్నాను. ఆమె షెడ్డుకు వచ్చి, ఏ పనీ లేకుండా నిలబడింది.

సాయంత్రం నాలుగవుతుండగా నా ఫోను మోగింది. తెలియని నంబరు. చేతిలో పట్టుకున్నాను కానీ వేలు కదల్లేదు. అది మోగుతూనే ఉంది. ఆమె నా చేతిలోంచి తీసుకుని, కళ్లు మూసుకుని, స్పీకరు నొక్కింది.

"బావా, నా ఫోన్ ఛార్జింగ్ అయిపాయె, ఈడ హైదరాబాద్‌ల బేకరి ఆయన ఫోన్‌కెళ్లి చేస్తున్న," అన్నాడతను. వెనక బస్సుల హారన్లు. "అక్కకు బిస్కెట్లు ఏం తేవాలె? ఉప్పుగున్నయా, తియ్యగున్నయా?"

ఆమె ఫోనును నా నోటి ముందుకు జరిపింది.

"రెండూ తే రా," అన్నాను నేను.